మనకంటే ముందే చేరే పేరు



పట్టాలు అందుకున్న మీలో చాలామంది ఈ ఆగస్టుకల్లా అమెరికాలో ఉంటారు. మీరు విమానం దిగకముందే అక్కడ మీ గురించి ఒక అభిప్రాయం సిద్ధంగా ఉంటుంది. ఇండియన్ అంటే లెక్కల్లో దిట్ట, కోడింగ్ పుట్టుకతోనే వచ్చు, చెప్పిన పని తలవంచుకుని చేస్తాడు. వినడానికి ఇది పొగడ్తే. నా భయమంతా ఆ పొగడ్త గురించే.

ఈ పేరు మనకు మొదటి నుంచీ ఉన్నది కాదు. 1923లో అమెరికా సుప్రీంకోర్టు, భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు తెల్లవారి కిందకు రారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది. ఆయన మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆ దేశ సైన్యంలో పనిచేసినవాడు, అయినా సరే. 1965లో వలస చట్టం మారింది. మనవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లకు దారి దొరికింది, డాక్టర్లూ ఇంజనీర్లూ వెళ్లారు. అలా జల్లెడ పట్టి తీసుకున్నాక, భారతీయులంతా తెలివైనవాళ్లన్న పేరు వచ్చింది. మారింది చట్టం, మన రక్తం కాదు.

ఆ పేరును మనమే నమ్మేస్తాం, చిక్కంతా అక్కడే. మొదటి సెమిస్టర్‌లో ఆల్గారిథమ్స్ మిడ్‌టర్మ్ తప్పిన కుర్రాడు ప్రొఫెసర్ గది దాకా వెళ్లి, తెరిచి ఉన్న తలుపు ముందు నుంచే వెనక్కి తిరుగుతాడు. ‘ఇండియన్‌వై ఉండి ఇది కూడా రాదా’ అంటారేమోనని బెరుకు. రూమ్‌మేట్లకు చెప్పడు. ఇంటికి ఫోన్ చేస్తే ‘అంతా బాగుంది నాన్నా’ అంటాడు. సబ్జెక్టు కష్టంగా ఉందన్న మామూలు సంగతి, తన పుట్టుకలోనే ఏదో లోపమన్నంతగా అతన్ని తినేస్తుంది. ఇలాంటి పిల్లలతో నేను మాట్లాడాను. దయచేసి ఎవరికో ఒకరికి చెప్పుకోండి.

పొగడ్త కాపాడనూ లేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రం ఒలేతాలో మన శ్రీనివాస్ కూచిభొట్లను ఇరానీయుడనుకుని ఒకడు కాల్చి చంపాడు. ‘పొరపాటున చంపాడు’ అని మనవాళ్లు అంటుంటే నాకు కడుపు రగిలింది. ఇరానీయుడైతే చంపొచ్చా? ఆ హంతకుణ్ణి ఆపబోయి తూటా దెబ్బ తిన్న ఇయాన్ గ్రిల్లట్ అమెరికనే.

ముద్రలు వేయడంలో మనమూ తక్కువ తినలేదు. ‘అటు నల్లవాళ్లుంటారు, ఆ వీధిలోకి పోవద్దు’ అని సీనియర్లు ముందే చెబుతారు. కానీ 1965 చట్టానికి వాతావరణం సిద్ధం చేసింది ఆ నల్లజాతి ప్రజల పౌరహక్కుల పోరాటమే. వాళ్లు లాఠీదెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి గెలుచుకున్న సమానత్వంలో మీ వీసాకూ వాటా ఉంది. వెళ్లిన మొదటి నెలలోనే పక్కింటి తలుపు తట్టండి. పేరు అడగండి, మీ పేరు చెప్పండి.