కాచుకొని వున్న కాలానికీ వెల కట్టవలెను
(కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ తరగతిలో మాకు అప్పగించిన విషయము, పిలిచినప్పుడు వచ్చి చేసే పనికి కాంట్రాక్టరు ఏ విధముగా ధర కట్టవలెను అన్నది. కాంట్రాక్టరు లెక్కలతో కార్మిక సంఘానికి ఏమి పని అని మీలో కొందరికి అనిపించవచ్చును. వందలమంది కూలీలను పెట్టుకొని టెండర్లు వేసే పెద్ద కాంట్రాక్టరును గురించి మేము మాట్లాడుట లేదు. పదవీ విరమణ చేసిన మన ఫిట్టరు, ఐ.టి.ఐ. చదివి ఉద్యోగము దొరకని మన పిల్లవాడు, పదిమంది కలిసి పెట్టుకొన్న కార్మిక సహకార సంఘము - వీరందరూ ఈనాడు కాగితము మీద కాంట్రాక్టర్లే. జనరేటరు ఆగినా, పంపు చెడినా, లిఫ్టు నిలిచిపోయినా వీరికి ఫోను వస్తుంది. వీరు అప్పటికప్పుడు బయలుదేరవలెను.

కొంతకాలము క్రిందట ఒక విశ్రాంత ఎలక్ట్రికల్ ఫిట్టరు మా వద్దకు వచ్చినారు. ఒక కార్యాలయములోని జనరేటరును, పంపులను చూచుటకు ఆయన ఒప్పందము చేసుకొన్నారు. పనిచేసిన గంటకు ఇంత అని అందులో వ్రాసి వున్నది. ఆ క్రింద, రాత్రింబవళ్ళు అందుబాటులో వుండవలెను అన్న ఒక వాక్యము వున్నది. దాని ఎదుట ధర లేదు. మొదటి నెలలో మూడు పిలుపులు వచ్చినవి, మొత్తము నాలుగు గంటల పని జరిగినది. ఆ నెలలోనే మేనల్లుడి పెళ్ళికి ఆయన ఊరు దాటి వెళ్ళలేకపోయినారు. "నాలుగు గంటలకు డబ్బు ఇచ్చినారండీ, నెలంతా తీసుకొన్నారు" అని ఆయన అన్నారు. సంతకము చేయుటకు ముందు ఆ ఒప్పందమును ఆయన మాకు చూపించియే వున్నారు. మేము గంట రేటు చూచి, బాగున్నదని చెప్పి పంపినాము. ఆ ఒక్క వాక్యము మీద మా దృష్టి పడలేదు. ఆ పొరపాటు మాది. ఈనాటి ఉపన్యాసము ఆ పొరపాటునుండి పుట్టినదే.

సోదరులారా, కాచుకొని వుండుట పనియా, కాదా అన్న ప్రశ్న రైల్వే వారికి క్రొత్తది కాదు. 1919 నాటి అంతర్జాతీయ పనిగంటల ఒడంబడికను మన దేశము 1921లో ఆమోదించినది. దానిని అనుసరించి 1930లో రైల్వే చట్టమును సవరించి పనిగంటల నిబంధనలు తెచ్చినారు. 1989 నాటి రైల్వే చట్టములో కూడ ఈ వర్గీకరణ వున్నది. డ్యూటీ కాలములో సగము గాని, అంతకు మించి గాని పని లేకుండ గడిచినచో ఆ ఉద్యోగమును విరామముతో కూడినదిగా ప్రకటించవచ్చును. నిరంతర ఉద్యోగికి వారానికి 54 గంటలు గరిష్ఠ పరిమితి కాగా, ఈ తరగతి వారికి 75 గంటలు. 2005 నాటి నిబంధనలు ఈ గంటలను తగ్గించినవి గాని, క్వార్టరు అరకిలోమీటరు లోపల వున్న గేటుమన్ వంటి వారికి 72 గంటల రోస్టరును, ఇతరులకు 60 గంటల రోస్టరును నిర్ణయించినవి. ఇక్కడ గమనించవలసినది ఒకటి కలదు. రైలు కోసము గేటు వద్ద కూర్చున్న మనిషి డ్యూటీలో లేడని ఈ చట్టము కూడ అనలేదు. అతని కాలమును లెక్కలోకి తీసుకొన్నది, చౌకగా తీసుకొన్నది.

తపాలా శాఖలో గ్రామీణ డాక్ సేవకుల సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. 2018లో వారి భత్యమును నాలుగు గంటలు, ఐదు గంటలు అను రెండు తరగతులుగా ఏర్పరచినారు. పలు గ్రామాలలో శాఖా తపాలా కార్యాలయము సేవకుని యింటిలోనే వున్నది. మనియార్డరు కోసము వచ్చిన ముసలమ్మ గడియారము చూచుకొని రాదు.

ఇతర దేశాల న్యాయస్థానాలు కూడ ఈ ప్రశ్నను విచారించినవి. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో ఫోర్ట్‌వర్త్ పట్టణమందు ఒక మాంసపు కర్మాగార కార్మికులు పగటి పని ముగిసిన తరువాత, అగ్నిప్రమాద సూచన వస్తే వెళ్ళుటకు వారములో కొన్ని రాత్రులు అక్కడనే వుండెడివారు. కాచుకొని వుండుట ఎన్నటికీ పని కాజాలదని చెప్పే సూత్రమేదీ లేదనియు, పరిస్థితులను బట్టి తేల్చవలెననియు 1944లో ఆ దేశపు సుప్రీంకోర్టు చెప్పినది. బెల్జియములోని నివెల్ పట్టణపు అగ్నిమాపకుడు ఒకరు పిలుపు వచ్చిన 8 నిమిషాలలో స్టేషనుకు చేరవలసి వుండెను. అంతటి కట్టుబాటుతో ఇంటివద్ద వున్న కాలము కూడ పనికాలమేనని 2018లో యూరోపియన్ న్యాయస్థానము తీర్పు చెప్పినది. అయితే ఆ కాలానికి ఎంత చెల్లించవలెను అన్నది తాను నిర్ణయించలేదు. దానిని ఆయా దేశాల చట్టాలకు, ఒప్పందాలకు విడిచినది. కనుక ధర అన్నది మనము అడిగి వ్రాయించుకొనవలసినదే.

ఇక ఎట్లు వ్రాయించవలెను? బిల్లులో నాలుగు పద్దులు వేరువేరుగా వుండవలెనని మేము ప్రతిపాదిస్తున్నాము.

మొదటిది, సిద్ధముగా వుండుటకు రుసుము. పిలుపు వచ్చినా రాకున్నా ఇది చెల్లవలెను. కట్టుబాటు పెరిగినకొద్దీ రుసుము పెరగవలెను. ఊరిలో ఎక్కడైనా తిరుగుతూ రెండు గంటలలో వస్తే చాలునన్నచో గంట రేటులో కనీసము నాలుగవ వంతు. అరగంటలో రావలెనన్నచో సగము. ఆవరణలోనే వుండవలెనన్నచో పూర్తి రేటు.

రెండవది, ప్రతి పిలుపునకు కనీస చార్జి. పది నిమిషాలలో ఫ్యూజు మార్చి వచ్చినను మూడు గంటలకు తగ్గకుండ వేయవలెను. అర్ధరాత్రి నిద్ర చెడిన మనిషికి ఆ రాత్రి పది నిమిషాలతో పోదు.

మూడవది, పనివేళలు దాటిన పనికి రెట్టింపు రేటు. రైల్వే చట్టము ఓవర్‌టైముకు చెప్పినది ఇదియే.

నాలుగవది, ప్రయాణపు ఖర్చు, సామగ్రి. కాలము ఇల్లు విడిచినప్పటినుండి లెక్కకు రావలెను.

ఒక ఉదాహరణ చూతము. గంట రేటు 200 రూపాయలు అనుకొందము. వారానికి 168 గంటలు. అందులో 48 గంటలు సాధారణ పని. మిగిలిన 120 గంటలు పిలుపు కోసము కాచుకొన్నచో, గంటకు 50 రూపాయల వంతున 6,000 రూపాయలు. రెండు పిలుపులు వచ్చినచో, మూడేసి గంటలకు రెట్టింపు రేటున 2,400 రూపాయలు. మొత్తము 8,400 రూపాయలు. చేసిన గంటలకు మాత్రమే అని ఒప్పుకొన్నవాడు ఆ రెండు పిలుపులలో చెరొక గంట పనిచేసినచో, అతనికి దక్కునది 400 రూపాయలు. మిగిలిన 8,000 ఎక్కడకు పోయినవి? పని యిచ్చినవాని వద్దనే మిగిలినవి.

సిద్ధతా రుసుమును గంట రేటులోనే కలిపి కొంచెము ఎక్కువ వేస్తే సరిపోదా అని కొందరు అడుగుతారు. సరిపోదు. కలిపినచో పిలుపులు రాని నెలలో చేతికి ఏమీ రాదు. పైగా, వేచివుండుటకు వేరుగా ధర వున్నప్పుడే యజమాని, రాత్రంతా మనిషి నిజముగా కావలెనా అని ఆలోచిస్తాడు. ఉచితమైన దానికి పొదుపు వుండదు.

సహకార సంఘాల వారికి ఒక హెచ్చరిక. సిద్ధతా రుసుము ఫోను పట్టుకొని కాచుకొన్న మనిషికి చేరవలెను, సంఘపు ఖాతాలో ఆగిపోరాదు. ఒకే మనిషిని నెలంతా కాపలా పెట్టరాదు; వంతులు వేయవలెను. రాత్రి పనిచేసినవానికి మరునాడు ఉదయము విశ్రాంతి ఇవ్వవలెను. నిద్రలేని చేయి విద్యుత్తు తీగను తాకిన ఫలితము మనము చూడనిది కాదు.

ఇది పర్మనెంటు ఉద్యోగులకు కూడ సంబంధించిన విషయము. 1973 ఆగస్టులో లోకో రన్నింగు సిబ్బంది సమ్మె చేసి పది గంటల డ్యూటీ హామీ పొందినారు. 1974 మే మహాసమ్మె కోర్కెలలో ఎనిమిది గంటల పనిదినము ఒకటి. మా పెద్దలు జైళ్ళకు వెళ్ళి, ఉద్యోగాలు పోగొట్టుకొని కాలానికి హద్దు గీసినారు. బయట ఒక మనిషి తన రాత్రులను ఉచితముగా ఇచ్చుచున్నంతకాలము, లోపలి షిఫ్టు పోస్టు అధికారికి దండగగా కనబడుతుంది. ఆ పోస్టు ఖాళీ అయిననాడు దానిని నింపరు. కనుక అతడు సరియైన ధర అడుగుట మన పోస్టుకు కూడ రక్షణ. అతనిని పోటీదారుగా చూచి ముఖము త్రిప్పుకొనుట మనకు నష్టము.

ప్రతి శాఖలోను ఇటువంటి వారిని పిలిచి కూర్చోబెట్టండి. వారి ఒప్పందాలు చదవండి. అందుబాటులో వుండవలెను అన్న వాక్యము ఎక్కడ కనబడినను, దాని ఎదుట ఒక అంకె వ్రాయించనిదే సంతకము చేయవద్దని చెప్పండి. ఆ విశ్రాంత ఫిట్టరుకు మేము చెప్పవలసియుండి చెప్పనిది అదియే. ఒప్పందము తిరిగి వ్రాయునప్పుడు ఆయన సిద్ధతా రుసుమును అడిగినారు. బేరములో కోరినంత రాలేదు. కాని నెలకు రెండు ఆదివారములు ఫోను మరియొకరి వద్ద వుండునట్లు వ్రాయించుకొన్నారు. ఆరంభము ఈ మాత్రమే అయినను, అది కాగితము మీద వున్నది. ఇక దానిని పెంచుకొనుట మన అందరి పని.

సెలవు.