ఎవరి కన్ను, ఎవరి నోరు

(తెలుగు ఉపాధ్యాయులు, విద్యార్థులు కూడిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కథల్లో దృష్టికోణం అంటే ఏందో పిల్లలకు ఎట్లా చెప్పాలె అన్న విషయం మీద మాట్లాడమన్నరు. పుస్తకాల కాడికి పోయే ముందు ఒకసారి ఒగ్గుకథ కాడికి పోదాం. మీలో చాలామంది చూసే ఉంటరు. కథకుడు మల్లన్న కథ చెప్తుంటడు. అప్పటిదాక బయట నిలబడి మల్లన్న ఎట్లా వచ్చిండు, ఏం చేసిండు అని చెప్పినోడే, భుజం మీది కండువ తీసి నెత్తిన కప్పుకుంటడు. నడక మారుతది, గొంతు మారుతది, మేడలమ్మ ఐతడు. అంతసేపు మల్లన్న గొప్పతనం విన్న మనకు ఇప్పుడు ఇంట్లో ఉన్న ఆడమనిషి గోస వినబడుతది. మళ్లా డోలు మోగంగనే కండువ భుజం మీదికి వస్తది, కథకుడు కథకుడైతడు. ముందు కూసున్న ఆరేండ్ల పిలగానికి కూడ ఎవరూ చెప్పకుండనే తెలుస్తది, ఇప్పుడు మాట్లాడేది ఎవరో. దృష్టికోణం అంటే ఆ కండువనే. కాగితం మీద అది కనబడదు కాబట్టి మనం వెతకాలె, అంతే తేడా.

మరి క్లాసులో మనం ఏం చేస్తున్నం? ఉత్తమ పురుష కథనం, ప్రథమ పురుష కథనం, సర్వసాక్షి కథనం అని మూడు పేర్లు బోర్డు మీద రాస్తం. పిల్లలు రాసుకుంటరు. పరీక్షలో రెండు మార్కులు. (అందులో కూడ ఒక తిరకాసు ఉన్నది. మన వ్యాకరణంలో ఉత్తమ పురుష అంటే ‘నేను’, ప్రథమ పురుష అంటే ‘వాడు’. ఇంగ్లిషు మీడియం పిల్లలు ‘ప్రథమ’ను ఫస్ట్ పర్సన్ అనుకొని తారుమారు రాస్తరు. తప్పు వాళ్లది కాదు.) దాని తర్వాత దృష్టికోణం, దృక్పథం రెండూ ఒకటే అన్నట్టు చెప్పుకుంట పోతం. ఒకటి కాదు. కథ చెప్పేటోడు ఎక్కడ నిలబడి చూస్తున్నడు అనేది దృష్టికోణం. చూసినదాన్ని ఏమనుకుంటున్నడు అనేది దృక్పథం. దొర గడీ అరుగు మీద కూసొని కూడ జీతగాని వైపు ఆలోచించే రచయిత ఉండొచ్చు. జీతగాని గుడిసెలో నిలబడి దొర మాటలే పలికే రచయిత కూడ ఉండొచ్చు.

దీంట్లో మనం అసలే పట్టించుకోనిది ఇంకొకటి ఉన్నది. కన్ను ఒకరిది, నోరు ఒకరిది కావొచ్చు. ఇది నాకు పుస్తకం చదివితే తెల్వలే. నేను చేసిన ఒక తప్పుతోని తెలిసింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇంటర్ పిల్లలను కథ రాయమన్న. ఒక పిలగాడు వాళ్ల నాయిన గురించి రాసిండు. ‘మా నాయిన పొద్దుగాల్లనే బాయికాడికి వోయిండు’ అని మొదలు. కథంతా అదే భాష. నేను ఎర్ర పెన్నుతోని వాక్యం వాక్యం కింద గీతలు కొట్టి, సంభాషణల్లో మాండలికం ఉండొచ్చు గాని కథనం ప్రామాణిక భాషలో ఉండాలె అని కింద రాసి ఇచ్చిన. నాకు చెప్పిన సార్లు అట్లనే చెప్పిన్రు, నేను అదే అప్పజెప్పిన. మూడు రోజులకు తిరిగి రాసి తెచ్చిండు. ‘అతని తండ్రి ఉదయమే బావి వద్దకు వెళ్లాడు’ అని ఉన్నది. ఒక్క అక్షరం తప్పు లేదు. కాని ఆ కొడుకు కథలో లేడు. ఎవరో పట్వారీ రోడ్డు మీద నిలబడి, పొలంలో పనిచేసే మనిషిని దూరం నుంచి చూస్తున్నట్టున్నది. ‘మా నాయిన’ పోయి ‘అతని తండ్రి’ వచ్చిండు. మంచి మార్కులే వేసిన. ఆ పిలగాడు మళ్లా ఏడాదంతా నాకు కథ చూపియ్యలే.

మన సినిమాల్లో, పాత కథల్లో ఏండ్ల తరబడి జరిగింది ఇదే కదా. పనిమనిషి, రౌడీ, రిక్షావాడు మన భాష మాట్లాడుతరు, కొటేషన్ గుర్తుల మధ్యలో. గుర్తులు దాటంగనే కథ చెప్పే గొంతు ఇంకోటి. అంటే వినిపించేది మనం, వివరించేది ఇంకెవరో. 2014లో రాష్ట్రం వచ్చింది, పాఠ్యపుస్తకాలూ మారినయి. కథ చెప్పే గొంతు ఎవరిది అన్న ప్రశ్న మాత్రం మనం క్లాసులో అడిగితేనే వస్తది. జీవో తోని రాదు. పాకాల యశోదారెడ్డి గారి ‘మా ఊరి ముచ్చట్లు’ పిల్లల చేత గట్టిగ చదివించండి, మనసులో కాదు. చెప్పే గొంతే ఊరి గొంతు ఐతే ఊరు ఎట్లా కనబడుతదో చెవితోనే తెలుస్తది.

అట్లని లోపలి మనిషి చెప్తేనే నిజం, బయటి మనిషి చెప్తే అబద్ధం అని సూత్రం కట్టొద్దు. దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’ చూడండి. నిజాం కాలపు తెలంగాణ ఊరు, గడీ, వెట్టి. రాసిందేమో ఈ గడ్డ మీద పుట్టి, నిజాంకు ఎదురు నిలిచిన మనిషి. కాని ఆ ఊరిలోకి మనల్ని ఎవరి వెంట తీసుకపోతడు? బతుకుదెరువు కోసం ఆంధ్ర ప్రాంతం నుంచి వచ్చిన సంగీతగాడు పాణి వెంట. ఎందుకు? పిల్లలను ఈ ప్రశ్న అడిగి ఊరుకోండి, వాళ్లనే తన్నుకులాడనియ్యండి. నా క్లాసులో ఒకామె అన్నది: ‘సార్, వెట్టి రోజూ చూసేటోనికి అది వింత కాదు కదా, కొత్తగ వచ్చినోడే ఉలిక్కిపడతడు.’ ఇంకొకడు లేచి, ‘ఉలిక్కిపడుడు వరకు మంచిగనే ఉన్నది సార్, కాని వెట్టి చేసేటోడు లోపట ఏమనుకుంటున్నడో పాణికి ఏం తెలుసు’ అన్నడు. రెండూ కరెక్టే. ఏ కోణమైనా ఒకటి చూపిస్తది, ఒకటి దాస్తది. ఇదే అంపశయ్య నవీన్ గారి ‘అంపశయ్య’కు వస్తే, 1969లో వచ్చిన నవల, ఉస్మానియా హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు బతుకు. అంతా వాని మనసులోంచే. లోపలి గది మొత్తం కనబడుతది, ఎదుటోళ్లు మాత్రం రవికి కనబడ్డంత మేరకే. హాస్టల్లో ఉన్న పిల్లలకు ఇది చెప్పాల్సిన పని లేదు, వాళ్లే మనకు చెప్తరు.

ఇక్కడ ఒక ప్రమాదం ఉన్నది. జపాన్ రచయిత అకుతగావ 1922లో ఒక కథ రాసిండు. ఒక హత్య మీద తలా ఒక తీరు వాంగ్మూలం ఇస్తరు. కురసావా 1950లో తీసిన ‘రషోమాన్’ సినిమాకు మూలం అదే. ఇది చెప్పంగనే పిల్లలు హుషారుగ ‘ఎవరి సత్యం వాళ్లది సార్’ అంటరు. మనం కూడ తలూపి పాఠం ముగిస్తం. నాకు ఆ మాట నచ్చదు. దాని మందు కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’లో ఉన్నది. 1960ల నాటి కథ, కళింగాంధ్ర ఊరు. అప్పల్రాముడి బాకీ మీద పంచాయితీ. ఒక్కొక్కరు తన తరఫున మాట్లాడుతుంటే వినుకుంట పోతం. పెద్దల మాటలు న్యాయంగనే అనిపిస్తయి, పత్రాలున్నయి, లెక్కలున్నయి, ఎవరూ కేకలేసే దుర్మార్గుడు కాదు. రచయిత మధ్యలోకొచ్చి ఇది తప్పు అనడు. చివరికి అప్పల్రాముడి కొడుకు సీతారాముడు తన పసికొడుకును నరికేస్తడు, బానిసగ బతకొద్దని. అప్పుడు మొత్తం పంచాయితీని మళ్లా మొదటినుంచి వినాల్సి వస్తది. కోణాలు ఎన్నో ఉన్నయి నిజమే. వాటి బరువు మాత్రం ఒకటి కాదు. ఎవరి కోణానికి పత్రం, సాక్షి, రచ్చకట్ట ఉన్నయి, ఎవరికి లేవు, ఇది అడగకుంటే మనం సాహిత్యం చెప్పినట్టు కాదు.

ఇగ క్లాసులో నేను చేసేది చెప్త. మీ ఇంట్లో, మీ వాడలో నీవు కళ్లార చూసిన ఒక గొడవ తీసుకో, నీకు కోపం వచ్చిన మనిషి ‘నేను’ అని చెప్తున్నట్టు ఒక పేజీ రాయి అంట. తిట్టొద్దు, వెటకారం చెయ్యొద్దు. సులువనిపిస్తది గాని మస్తు కష్టం. సగం మంది మూడో వాక్యంలోనే వాన్ని దొంగను చేస్తరు. వాడు తనను తాను దొంగ అనుకుంటడా అని అడిగి తిప్పి ఇస్త.

పోయిన ఏడు ఒక డిగ్రీ అమ్మాయి, వాళ్లింటికి బోరు అప్పు వసూలుకు వచ్చిన మనిషి కోణంలో రాసింది. వాకిట్లో కుర్చీ వేసుకొని కూసున్నడు. నాయిన ఇంట్లో లేడని పిల్ల చెప్తున్నది, తలుపు వెనక నాయిన కాళ్లు కనబడుతున్నయి. వాడు ఆ కాళ్లను చూసి కూడ చూడనట్టు ఫోన్ చూసుకున్నడు. అట్ల ఉత్త చేతులతోని పోతే ఆఫీసులో ఏమంటరో అని లోపట లెక్క వేసుకున్నడు. చదివి, ఇతన్ని నువ్వు మాఫ్ చేసినవా అమ్మా అని అడిగిన. ‘లేదు సార్, ఆయన ఆ రోజు మా అమ్మను అన్న మాట కూడ రాసిన చూడండి, ఆయనకు అది పెద్ద మాట అనిపియ్యలే, అందుకే ఒక్క లైన్‌లోనే ఉన్నది’ అన్నది.

తిప్పి చూస్తే నిజంగనే ఉన్నది. మూడో పేరాలో, ఫోన్ ముచ్చట పక్కన. నేను చూడకుండ దాటిపోయిన. 

ఆ కాగితం ఇయ్యాల తెచ్చిన. ఆ అమ్మాయి ఒప్పుకున్నది, పేరు తీసేసి చదువుమన్నది. చాయ్ తాగి వచ్చినంక చదువుకుందాం. మీరు కూడ మీ క్లాసుల్లో చేయించి, పిల్లలు రాసినవి తీసుకరండి. వచ్చేసారి నేను మాట్లాడ, అవే మాట్లాడతయి.