గడ్డకట్టిన సరస్సులో చేపలు ఎలా బతుకుతాయి?



పుదుచ్చేరిలో విల్లియనూరు దగ్గర ఊసుటేరి అనే పెద్ద చెరువు ఉంది. 2008లో దీనిని పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చలికాలంలో ఉత్తరాది నుంచి బాతులు ఇక్కడికి వలస వస్తాయి. అక్కడ నీటి ఉపరితలం గడ్డకట్టి మేత దొరకకపోవడం ఇందుకు ఒక ముఖ్య కారణం. మరి ఎగిరి రాలేని చేపల సంగతి ఏమిటి? అవి మంచు కిందనే బతుకుతాయి. వాటిని కాపాడేవి నీటి ధర్మాలు.

మొదటిది విశిష్టోష్ణం. ఒక గ్రాము నీరు 1 డిగ్రీ సెల్సియస్ చల్లబడాలంటే సుమారు 1 కేలరీ ఉష్ణాన్ని కోల్పోవాలి. పొడి నేల విషయంలో ఇందులో దాదాపు అయిదో వంతు చాలు. అందువల్లనే లంబసింగిలో గడ్డి మీద మంచు పేరుకున్న రోజున కూడా పక్కనున్న తాజంగి జలాశయం గడ్డకట్టదు.

రెండవది అసంగత వ్యాకోచం. చాలా ద్రవాలు చల్లబడే కొద్దీ సంకోచిస్తాయి. నీరు మాత్రం 4 డిగ్రీల వరకే సంకోచించి, ఇంకా చల్లబడితే వ్యాకోచిస్తుంది. కనుక 4 డిగ్రీల నీరు బరువెక్కి అడుగుకు చేరుతుంది, అంతకన్నా చల్లని నీరు పైన నిలుస్తుంది. స్కాట్లాండ్ శాస్త్రవేత్త థామస్ చార్లెస్ హోప్ 1805లో దీనిని ప్రయోగంతో చూపాడు. పొడవైన నీటి పాత్రకు నడుమ శీతల మిశ్రమం ఉంచితే, ముందుగా కింది ఉష్ణమాపకం 4 డిగ్రీలకు దిగి అక్కడే ఆగుతుంది. ఆ తర్వాతే పైది సున్నాకు చేరుతుంది.

మూడవది, మంచుగడ్డ సాంద్రత 0.917 మాత్రమే. అందువల్ల అది తేలుతుంది. పైగా అది అధమ ఉష్ణవాహకం. కాశ్మీరులో దాల్ సరస్సు గడ్డకట్టినపుడు పైనున్న పొర దుప్పటిలా పనిచేస్తుంది. గడ్డకట్టే ప్రతి గ్రాము నీరు 80 కేలరీల గుప్తోష్ణాన్ని విడుదల చేస్తుంది కనుక ఆ పొర నెమ్మదిగానే మందమెక్కుతుంది. మంచు మునిగేదే అయితే సరస్సు అడుగు నుంచి పైదాకా గడ్డకట్టి ఉండేది.

అయితే ఈ రక్షణకు లోతు కావాలి. లోతు తక్కువైన సరస్సు మీద దట్టంగా మంచు కప్పితే వెలుతురు అందదు, కిరణజన్య సంయోగక్రియ ఆగుతుంది, ప్రాణవాయువు తరిగి చేపలు చనిపోతాయి.

మన చెరువులకు ఆ గండం వేసవిలో వస్తుంది. సున్నా డిగ్రీల వద్ద లీటరు నీటిలో సుమారు 14.6 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీల వద్ద అందులో సగమే. పూడిక పేరుకుని లోతు తగ్గిన చెరువు త్వరగా వేడెక్కుతుంది. కాబట్టి చెరువు లోతును కాపాడటమంటే అందులోని ప్రాణులను కాపాడటమే. మీ ఊరి చెరువు ఎంత లోతుందో పెద్దలను అడిగి తెలుసుకోండి.