జ్యూసుల కోర్సు: తాగాలా, మానాలా?

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం లీడరు ప్రసంగం)



పొదుపుల గురించి, బ్యాంకు లింకేజీ గురించి ఇందాక అక్కలు చెప్పారు. నన్ను ఆరోగ్యం మీద మాట్లాడమన్నారు. నేను పదో తరగతి చదివాను, డాక్టరును కాను. కానీ ఈ ఏడాది మా గ్రామ సంఘంలో మూడు మీటింగుల్లో ఒకటే మాట నడిచింది. అదే జ్యూసుల కోర్సు. పదిహేను రోజులు అన్నం మానేసి జ్యూసులే తాగితే ఒంట్లో ఉన్న చెడంతా పోతుందట, బరువు తగ్గుతుందట, షుగరు కూడా పోతుందట. ఫోన్లో అందరూ చూస్తున్నారు. డబ్బాలు అమ్మే ఆవిడ మా ఊరికి కూడా వచ్చింది. కోర్సు 4,800 రూపాయలు. మా సభ్యురాలు ఒకావిడ దానికోసం అంతర్గత అప్పు అడిగింది. ఎందుకు అనే చోట 'ఆరోగ్యం' అని రాసింది. ఆరోగ్యం అంటే మనం కాదనలేం కదా. అందుకే ముందు ఏఎన్ఎం అమ్మను, పీహెచ్‌సీలో డాక్టరమ్మను అడిగి తెలుసుకున్నాను. ఆ సంగతులే మీకు చెబుతాను.

మంచి కూడా చెప్పాలి కదా. లంఖణం పరమౌషధం అని పెద్దలు ఊరికే అనలేదు. ఏకాదశి, కార్తీక సోమవారం మనకు కొత్త కాదు. అయితే ఆ ఉపవాసం మహా అయితే మర్నాటికి తీరిపోతుంది, పదిహేను రోజులు సాగదు. జ్యూసులు తాగిన ఒకరిద్దరు ఒళ్లు తేలికైంది అన్నారు. అది అబద్ధం కాదు. బజ్జీలు, నిల్వ పచ్చళ్లు, రోజుకు నాలుగేసి టీలు వారం పాటు ఆగిపోతే ఎవరికైనా తేలిగ్గానే ఉంటుంది. పండు మొహం చూడని వాళ్ల కడుపులోకి ఒక బత్తాయో క్యారెట్టో పోయింది, అదీ మంచిదే. నిమ్మలో, ఉసిరిలో ఉండే సి విటమిన్ వల్ల ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. కానీ తోటకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకున్నా ఆ పని అవుతుంది. దానికి డబ్బా అక్కర్లేదు.

ఇక బరువు. మొదటి వారంలో తగ్గేది ఎక్కువగా నీరే. మళ్లీ అన్నం మొదలుపెట్టగానే తిరిగొస్తుంది. ఒంట్లో విషాలు కడుగుతాం అంటారు. ఆ పని చేయడానికి దేవుడిచ్చిన లివరు ఉంది, రెండు కిడ్నీలు ఉన్నాయి. ఆ కిడ్నీలు రోజుకు 180 లీటర్ల దాకా వడకట్టి, లీటరున్నర రెండు లీటర్లు మాత్రమే మూత్రంగా బయటికి పంపుతాయి. డాక్టరమ్మ ఈ లెక్క చెబితే నాకు నమ్మబుద్ధి కాలేదు, రెండుసార్లు అడిగాను.

ఒక గ్లాసు రసానికి మూడు బత్తాయిలు పడతాయి. కూర్చుని వరసగా మూడు కాయలు తింటామా? తినం. రసమైతే రెండు గుక్కల్లో అయిపోతుంది. పిప్పి పెంట మీదికి, తీపి మన రక్తంలోకి. పీచు లేకపోతే షుగరు తొందరగా పెరుగుతుంది. అందుకే హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రసం కన్నా పండే తినమంది. రోజుకు కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలంది. జామకాయ ఒకటి తింటే పండ్ల లెక్క తీరిపోతుంది.

అన్నిటికన్నా భయం బిళ్ళల దగ్గర. పక్క ఊరి గ్రూపులో ఒక వదిన షుగరు బిళ్ళ వేసుకుని, అన్నం మానేసి, జ్యూసు మీదే ఉపాధి పనికి వెళ్లింది. పదకొండు గంటలకు చెమటలు పట్టి, చేతులు వణికి, గట్టు మీద పడిపోయింది. కొన్ని షుగరు బిళ్ళలు వేసుకుని తిండి మానేస్తే రక్తంలో షుగరు బాగా పడిపోతుంది. అలాంటప్పుడు స్పృహ ఉంటే చక్కెర నీళ్లు తాగించి 108కి ఫోన్ చేయాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. ఇంకొందరు దీనికి తిరగేసి చేస్తారు. జ్యూసు తాగుతున్నాం కదా అని బిళ్ళలే మానేస్తారు. అప్పుడు షుగరు, బీపీ రెండూ పెరుగుతాయి. బిళ్ళ పెంచాలన్నా తగ్గించాలన్నా రాసిచ్చిన డాక్టరే చెప్పాలి, డబ్బాలు అమ్మే ఆవిడ కాదు.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు పండ్ల రసాలు, కొబ్బరినీళ్లు కూడా చేటు చేయొచ్చు. వాటిలోని పొటాషియాన్ని దెబ్బతిన్న కిడ్నీ బయటికి పంపలేదు. ఉద్దానం సంగతి మీరంతా విన్నదే. పాలకూర రసం రోజూ గ్లాసులకు గ్లాసులు తాగినా కిడ్నీలకు మంచిది కాదు. కూరగా వండుకుంటే భయం లేదు. సొరకాయ రసం సంగతి మాత్రం గట్టిగా చెబుతాను. చేదుగా ఉంటే ఒక్క గుక్క కూడా మింగకండి, పారబోయండి. చేదు సొరకాయలో విషం ఉంటుంది. 2010లో ఢిల్లీలో ఒక శాస్త్రవేత్త అలాంటి రసం తాగి చనిపోయాడు. మందు చేదుగానే ఉండాలి అని మనం అనుకుంటాం చూడండి, ఇక్కడ ఆ మాట పనికిరాదు. తాగాక వాంతులు మొదలైతే వెంటనే ఆస్పత్రికి పోవాలి.

ఇప్పుడు ఆ అప్పు అర్జీ సంగతి. ఆవిడను నేను ఒకటే అడిగాను, కోర్సు ఎందుకమ్మా అని. నీరసం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఒంట్లో చెడు చేరిందట అంది. డబ్బాలు తర్వాత, ముందు రక్తం చూపించుకుందాం అని పీహెచ్‌సీకి తీసుకెళ్లాను. హిమోగ్లోబిన్ ఎనిమిదిన్నర వచ్చింది. పన్నెండు ఉండాలి. ఒంట్లో చేరింది ఏమీ లేదు, ఒంట్లో ఉండాల్సింది లేదు! 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తం తక్కువే అని తేలింది. అంటే ఈ హాల్లో సగం మందికి పైగా ఉండొచ్చు. అలాంటి మనం పదిహేను రోజులు పప్పు, గుడ్డు, అన్నం మానేస్తే ఏమవుతుంది? 55 కిలోల ఆడమనిషికి రోజుకు 46 గ్రాముల దాకా మాంసకృత్తులు కావాలి. రసాల్లో అవి నామమాత్రం. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు ఈ కోర్సు జోలికే పోకూడదు.

డబ్బు లెక్క కూడా చూద్దాం, మనం గ్రూపు మనుషులం కదా. గుడ్డు ఏడు రూపాయలు అనుకుంటే 4,800 రూపాయలకు 685 గుడ్లు వస్తాయి. రోజుకొకటి తిన్నా రెండేళ్లకు దగ్గర పడుతుంది. పైగా అప్పుకు నెలకు 48 రూపాయల వడ్డీ.

పొద్దున ఒక గ్లాసు క్యారెట్ జ్యూసు తాగి తర్వాత ఇడ్లీ తినేవాళ్లను నేను వద్దనడం లేదు. షుగరు, కిడ్నీ జబ్బు లేకపోతే మీ ఇష్టం, పంచదార మాత్రం వేయకండి. అన్నం మానేసి దాని మీదే బతకడం, దానికోసం అప్పు చేయడం, బిళ్ళలు ఆపడం, ఈ మూడింటికే నేను ఒప్పుకోను.

మా సభ్యురాలు ఇనుము బిళ్ళలు వాడుతోంది. పీహెచ్‌సీలో ఉచితంగానే ఇచ్చారు. టీతో వేసుకోవద్దు, టీకి బిళ్ళకు మధ్య గంటో రెండు గంటలో ఉండాలి అని చెప్పారు. మలం నల్లగా వస్తే భయపడొద్దన్నారు. అప్పు ఇవ్వలేదని ఆవిడకు ఇప్పటికీ నా మీద కొంచెం కోపమే. అదిగో, మూడో వరసలో కూర్చుని నవ్వుతోంది.

మా గ్రామ సంఘంలో రెండు తీర్మానాలు రాసుకున్నాం. ఆరోగ్యం పేరుతో పొడులకు, కిట్లకు అప్పు అడిగితే రక్తం, బీపీ, షుగరు పరీక్ష చీటీ జతచేయాలి. గ్రూపు మీటింగులో ఎవరూ కిట్లు అమ్మకూడదు, మన సభ్యులైనా సరే. ఇవే మండలం మొత్తానికి పెట్టమని అధ్యక్షురాలు గారిని అడుగుతున్నాను. అభ్యంతరం ఉన్నవాళ్లు ఇప్పుడే లేచి చెప్పండి, మైకు ఇస్తాను.