ద్రాక్ష మనది, ధర ఎవరిది?



హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల్లో మనకు ఎండకు కొదవ లేదు, కరువంతా వానకే. అయినా బోర్లు వేసి, రాతి కూసాలు నాటి, పందిళ్లు కట్టి ద్రాక్ష పండిస్తున్నాం. తీరా కోతవేళ వాన పడితే పండు పగులుతుంది. ఆ భయంతోనే వ్యాపారి చెప్పిన ధరకు తెగనమ్ముకుంటున్నాం.

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ కూడా ఎండల సీమే. అక్కడ ట్రూడోస్ కొండల దక్షిణ వాలులో 14 ఊళ్ల ద్రాక్షను ఎండలో ఆరబెట్టి కమాండరియా అనే తీపి వైను చేస్తారు. అది ఓక్ పీపాల్లో మాగాలి. 1947లో ద్రాక్ష రైతులు సోడాప్ అనే సహకార సంఘం పెట్టుకుని తమ పంటతో తామే వైను చేయించారు.

మన సరిహద్దు దాటితే కర్ణాటక. అక్కడ 2007లోనే ద్రాక్ష, వైను విధానం వచ్చింది. బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

మనం తాగుడును మెచ్చుకోవడం లేదు. రసమైనా, ఎండు ద్రాక్షయినా, పంటను నిలవచేసే దారి ఉంటేనే ధర అడిగే బలం వస్తుంది. ఆరబెట్టే షెడ్లు, శీతల గిడ్డంగి, రైతుల సహకార యూనిట్ కావాలని ప్రభుత్వాన్ని కలిసికట్టుగా అడుగుదాం.