కొండలు ఎక్కకుండానే కొండ సైకిల్ పోటీ

మౌంటెన్ బైక్ పోటీ అనగానే వెలుగోడు కుర్రాళ్ల చూపు నల్లమల వైపే పోతుంది. నిజానికి ఆ పోటీకి అడవీ అక్కర్లేదు, పెద్ద కొండా అక్కర్లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో దాన్ని హ్యాడ్లీ అనే వ్యవసాయ క్షేత్రంలో జరిపారు. 2024 పారిస్‌లో ఎలాంకూర్ దిబ్బ మీద జరిపారు. పాత క్వారీని పూడ్చగా లేచిన దిబ్బ అది, సముద్రమట్టానికి ఎత్తు 231 మీటర్లు. మన నంద్యాలే సుమారు 200 మీటర్ల ఎత్తున ఉంది మరి! నాలుగైదు కిలోమీటర్ల చుట్టులో రాళ్లు, మలుపులు, ఎగుడుదిగుళ్లు ఉంటే చాలు. దాన్నే మళ్లీ మళ్లీ తిరుగుతారు.

పక్కనే నల్లమల ఉండగా దిబ్బలెందుకు అంటారేమో. అది పెద్దపులుల అభయారణ్యం, అనుమతి లేకుండా లోపల అడుగు పెట్టకూడదు. ఊరి చుట్టూ గట్లు, బండిబాటలు ఉన్నాయి కదా. వాటికీ రైతుల ఒప్పుదల కావాలి. ఇక లక్షల సైకిల్ లేనిదే గెలవలేమన్న మాట పై స్థాయిలో కొంత నిజమే. కొత్తవాళ్లను మాత్రం ఎక్కువగా ఓడించేది మొదటి చుట్టులోనే ఒళ్లు హూనం చేసుకోవడం, ఆపైన పంక్చర్. గాలి బిర్రుగా కొడితే టైరు రాళ్ల మీద ఎగిరి పట్టు తప్పుతుంది. మరీ తగ్గిస్తే రిమ్ముకూ రాయికీ మధ్య ట్యూబు నలిగి చిరుగుతుంది. మన బాటల్లో కంపముళ్లు సరేసరి. అందుకే సీటు కింద ఒక ట్యూబు, చిన్న పంపు కట్టుకుని, చక్రం విప్పి బిగించడం ముందే చేతికి అలవాటు చేసుకోవాలి.