పంచకర్మలో పథ్యమే పెద్దది



మన విశ్రాంత ఉద్యోగుల సభలో పంచకర్మ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు. నేను వైద్యురాలిని కాను. చేయించుకున్న మనిషిని, చేయించుకున్నాక దాని గురించి శ్రద్ధగా చదివిన మనిషిని. నా మాటల్ని ఆ మేరకే తీసుకోండి.

ఇప్పుడు ఏ ఊరికి వెళ్లినా 'డిటాక్స్' బోర్డులు కనిపిస్తున్నాయి. శనాదివారాల ప్యాకేజీ అంటారు. బోర్డు మీద నుదుటిపై నూనె ధార పడుతుండగా కళ్లు మూసుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది. అది శిరోధార. మంచి చికిత్సే. కానీ చరకుడు చెప్పిన ఐదు కర్మల్లో అది లేదు. వమనం (వాంతి చేయించడం), విరేచనం (కడుపు జాడించడం), నిరూహవస్తి (కషాయంతో ఎనిమా), అనువాసనవస్తి (నూనెతో ఎనిమా), నస్యం (ముక్కులో మందు వేయడం), ఇవీ ఆయన లెక్క. సుశ్రుతుడి సంప్రదాయంలో రక్తమోక్షణానికి, అంటే రక్తం తీయడానికి, పెద్దపీట. మనం పంచకర్మ అనుకునే నూనె మర్దనా, ఆవిరి స్నానమూ వీటికి ముందు ఒంటిని సిద్ధం చేయడానికే.

నాకు ఏళ్ల తరబడి అసిడిటీ. పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట, మధ్యాహ్నమయ్యేసరికి తలనొప్పి. ఎండోస్కోపీలో పుండేమీ లేదన్నారు. మాత్ర వేసుకుంటే తగ్గేది, మానేస్తే తిరగబెట్టేది. వీటన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఆకలి లేకపోవడం. టైమయింది కాబట్టి తినడమే తప్ప, ఆకలేసి కంచం ముందు కూర్చోవడం మర్చిపోయాను. మా డాక్టరుగారికి చెప్పి, ఆయన సరేనన్నాక శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి పాలక్కాడ్ వెళ్లాను.

కేరళే ఎందుకని మీరు అడగవచ్చు. మనకూ బసవరాజీయం వంటి వైద్య గ్రంథం ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి, విజయవాడలో నోరి రామశాస్త్రి గారి పేరిట కళాశాల ఉన్నాయి. కానీ కేరళలో ఈ వైద్యం ఇంటింటి అలవాటు. 1902లో పి.ఎస్. వారియర్ కోట్టక్కల్‌లో ఆర్యవైద్యశాల స్థాపించాక మందుల తయారీ కూడా ఒక పద్ధతిలో పడింది. వానలు ముమ్మరంగా కురిసే కర్కాటక మాసంలో మందు గంజి తాగడం, ఒళ్లు పట్టించుకోవడం అక్కడి కుటుంబాల్లో ఏటా జరిగేదే.

నేను వెళ్లిన వైద్యశాలలో మొదట కొన్నాళ్లు అరుగుదలకు కషాయమే ఇచ్చారు. ఆ తర్వాత నెయ్యి మొదలైంది. అన్నంలో వేసుకునే నెయ్యి అనుకోకండి. తిక్తక ఘృతం, చేదు మూలికలతో కాచింది. తెల్లవారగానే చేచ్చి (ఆ సహాయకురాలిని అందరూ అలాగే పిలిచేవారు) చిన్న స్టీలు గ్లాసులో గోరువెచ్చగా తెచ్చేది. ఒక్క గుక్కలో మింగి, వేణ్నీళ్లు చప్పరిస్తూ కూర్చోవాలి. పగటి నిద్ర లేదు. ఆకలేసేదాకా తిండి లేదు. వైద్యుడు వచ్చి అడిగే ప్రశ్న ఒక్కటే: "త్రేన్పులో ఇంకా నెయ్యి వాసన వస్తోందా అమ్మా?" వస్తుంటే నెయ్యి అరగనట్టు. త్రేన్పు శుభ్రంగా వచ్చి, నిజంగా ఆకలి వేశాకే పలచటి గంజి. రోజూ మోతాదు పెంచుతారు కాబట్టి ఆకలి రోజురోజుకీ ఆలస్యమయ్యేది. చివరికి గ్లాసు కనబడితేనే కడుపులో తిప్పింది. చర్మం నునుపెక్కింది, మలంలో నెయ్యి కనిపించింది. ఆ గుర్తులన్నీ చూశాక ఇక చాలన్నారు. శాస్త్రంలో దీనికి మూడు నుంచి ఏడు రోజుల గడువు చెప్పినా, ఎప్పుడు ఆపాలో చెప్పేది ఒళ్లే. అందుకే శనాదివారాల ప్యాకేజీలో ఇది జరిగే పని కాదంటాను.

ఆ తర్వాత నూనె మర్దన, ఆవిరి. విరేచనం నాడు తెల్లవారుజామున అవిపత్తి చూర్ణం ఇచ్చారు. అందులో ముఖ్యమైనది తెగడ వేరు. గది తలుపుకి ఒక కాగితం అంటించి, వెళ్లొచ్చిన ప్రతిసారీ గీత పెట్టమన్నారు. మధ్యమధ్య బీపీ చూశారు, వేణ్నీళ్లు తాగించారు. వాగ్భటుడు పిత్తానికి విరేచనమే మేలైన శోధనమన్నాడు. నా అసిడిటీని పిత్తం కిందే లెక్కగట్టి నాకు విరేచనాన్ని ఎంచారు.

చాలామంది కథ ఇక్కడితో అయిపోతుంది. నా దృష్టిలో అసలు వైద్యం ఇక్కడ మొదలైంది. ఆ సాయంత్రం నాకు ఇచ్చింది మెతుకులు వెతుక్కోవాల్సినంత పలచటి గంజి. అదే పేయ. మర్నాడు కాస్త చిక్కబడింది. ఆ తర్వాత మెత్తటి జావ ముద్ద, అదే విలేపి. ఆపైన ఉప్పూ పోపూ లేని పెసరకట్టు, ఆ తర్వాత ఉప్పు, శొంఠి, చుక్క నెయ్యి వేసిన పెసరకట్టు. అప్పటికిగానీ మామూలు అన్నం లేదు. దీన్ని సంసర్జన క్రమం అంటారు. చిన్న నిప్పురవ్వను గడ్డీ, పిడకల పొడీ వేసి మెల్లగా రాజేస్తే పెద్ద మంటై దేన్నయినా అరిగించుకుంటుందని చరక సంహిత సిద్ధిస్థానంలో పోలిక ఉంది. శుద్ధి తర్వాత జఠరాగ్ని కూడా అంతేనట. పెద్ద మొద్దు వేస్తే రవ్వ ఆరిపోతుంది.

మన ఇళ్లలో పిల్లలకు ఆముదం పట్టించిన రోజులు ఈ సభలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పూటంతా లంఖణం. సాయంత్రం చారన్నం. మర్నాడు బీరకాయో పొట్లకాయో. మా అమ్మ చరకుణ్ణి చదవలేదు. కానీ ఆముదం పట్టించిన నాడు ఆవకాయ జాడీ కిందికి దించేది కాదు. ఆ పథ్యపు జ్ఞానాన్ని మనం వదిలేసి, ఆముదం స్థానంలో ప్యాకేజీని తెచ్చుకున్నామని నా బాధ.

ఇక ఫలితం మాట. విషాలు బయటికి పోయాయా అని అడుగుతుంటారు. మూత్రపిండాలూ కాలేయమూ ఆ పని నిత్యం చేస్తూనే ఉన్నాయి. ఏదో విషాన్ని కడిగేశారని నేను చెప్పను. నా ఆకలి నాకు తిరిగి వచ్చింది. తలనొప్పులు బాగా తగ్గాయి. మాత్ర అవసరం అరుదైంది, పూర్తిగా పోలేదు. రాత్రి ఆలస్యంగా తింటే మంట మళ్లీ వస్తుంది. దీంట్లో మందు పాలెంత, వేళకు తిని వేళకు పడుకున్న అలవాటు పాలెంత అని విడదీయడం నా వల్ల కాదు. నాకు రెండూ కావాలి.

భయపెట్టాలని కాదు గానీ, ఒక మాట గట్టిగా చెబుతాను. విరేచనమూ వమనమూ ఎవరో చెప్పారని ఇంట్లో చేసుకునేవి కావు. బీపీకి, షుగర్‌కి మందులు వాడేవాళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు, గర్భిణులు అసలే తొందరపడకూడదు. ఒంట్లో నీరూ లవణాలూ ఒక్కసారిగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. వాడుతున్న మాత్రల్ని సొంతంగా ఆపకండి. మీ డాక్టరుకూ ఆయుర్వేద వైద్యుడికీ ఇద్దరికీ అన్నీ చెప్పండి.

మీలో ఎవరైనా పంచకర్మకు వెళ్లదలిస్తే గది అద్దె, మర్దన గంటలు తర్వాత అడగండి. ముందు రెండు సంగతులు అడగండి. చూసేది అర్హత ఉన్న వైద్యుడేనా? విరేచనం అయ్యాక ఎన్నాళ్లు, ఏ క్రమంలో, ఏం తినిపిస్తారు? రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పలేని చోట డబ్బు కట్టకండి.